అక్టోబరు 14 దాటిన ల్యాప్‌టాప్, కర్నూలు పాతబస్తీలో ఒక మరమ్మతు దుకాణం

ఎనిమిదేళ్లు దాటిన నా ల్యాప్‌టాప్‌ను ఈ సంక్రాంతి సెలవుల్లో కర్నూలు పాతబస్తీలోని ఒక చిన్న మరమ్మతు దుకాణానికి అప్పగించి, ఆరు రోజుల తరువాత తిరిగి తెచ్చుకున్నాను. మొత్తం 4,300 రూపాయలు ఖర్చయింది. అరవై వేలు పెట్టి కొత్తది కొనడం తప్ప వేరే దారి లేదని అంతకు ముందు రెండు చోట్ల చెప్పించుకున్న మనిషిని కాబట్టి, ఈ దుకాణం ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో, ఎక్కడ నాకు కష్టం కలిగించిందో వివరంగా రాయడం అవసరమనిపించింది. మన ఊళ్లో ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. మా కళాశాల సిబ్బంది గదిలోనే నలుగురం ఉన్నాం.

ముందు ఇబ్బంది ఏమిటో చెప్పాలి. 2015 జులై 29న విడుదలైన, నా ల్యాప్‌టాప్‌ను నడిపే విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ముగించింది. ఆ తేదీ తరువాత కంప్యూటరు ఆగిపోదు, తెరలు చీకటి కావు, ఫైళ్లు మాయం కావు. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులు రావు. దీన్ని తేలికగా తీసుకోవద్దని 2017 మే నెల మనకు నేర్పింది. వన్నాక్రై అనే వైరస్ అప్పుడు ప్రపంచమంతా పాకి, మన రాష్ట్ర పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లను కూడా పట్టుకుంది. ఆ లోపానికి మరమ్మతు రెండు నెలల ముందే మార్చిలో వచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అందువల్ల "ఏమీ కాదులే, వాడుకుందాం" అనే మాటను నేను ఒప్పుకోను. విద్యార్థుల మార్కులు, ప్రశ్నపత్రాలు, బ్యాంకు లావాదేవీలు ఉన్న యంత్రాన్ని తలుపు తీసి పెట్టుకుని నిద్రపోవడం నా వల్ల కాదు.

మరి విండోస్ 11కు మారవచ్చు కదా అంటే, నా యంత్రానికి ఆ భాగ్యం లేదు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11, ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచి మాత్రమే తనకు పనికొస్తాయని గీత గీసింది. నేను 2017 జూన్‌లో కొన్నాను, నాది ఏడో తరం. ఎనిమిదో తరం ఆ ఆగస్టులో ప్రకటించారు. అంటే రెండు నెలలు ఆగి ఉంటే సరిపోయేది. అందరూ చెప్పుకునే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ నా యంత్రంలో ఉంది, మెమరీ ఉంది, డిస్క్ స్థలం ఉంది. మైక్రోసాఫ్ట్ వారి తనిఖీ ప్రోగ్రామే ఆ మూడింటికీ పచ్చటి టిక్కు పెట్టి, చివర ప్రాసెసర్ దగ్గర ఎర్ర గుర్తు పెట్టింది. గోడలు గట్టిగా ఉన్నాయి, కప్పు కారడం లేదు, తలుపుకు తాళం కూడా ఉంది, కానీ ఇటుకల మీద ముద్ర పాతది కనుక ఇల్లు ఖాళీ చేయమన్నట్టుగా ఉంది ఈ పద్ధతి. భద్రత కోసం గట్టి నియమాలు పెట్టడాన్ని నేను తప్పుపట్టను. పదేళ్లకు పైగా ఒక వ్యవస్థకు మద్దతు ఇవ్వడం చిన్న పని కాదని కూడా ఒప్పుకుంటాను. అయితే బాగా పనిచేస్తున్న కోట్ల యంత్రాలను ఒకే తేదీన పాతసామాను చేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది, అందులో లెక్కకు వచ్చేలా పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసింది 22.3 శాతమే. మిగిలినదాంట్లో ఎంతో భాగం నిప్పు పెట్టి రాగి తీసుకునేవాళ్ల చేతుల్లోకి పోతుంది. ఆ సీసం, ఆ పాదరసం తిరిగి మన మట్టిలోకి, మన నీళ్లలోకే వస్తాయి.

ఆ అక్టోబరు 14 నాకు మరో కారణంగా కూడా గుర్తుండిపోయింది. సరిగ్గా అదే రోజు గూగుల్ సంస్థ విశాఖపట్నంలో కృత్రిమ మేధ కేంద్రం కోసం అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతానని ఢిల్లీలో ప్రకటించింది. మన రాష్ట్రానికి అంత పెద్ద పెట్టుబడి వస్తున్నదని విని సంతోషించాను, ఆ సంతోషంలో కల్తీ లేదు. అదే సాయంత్రం ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే, మీ కంప్యూటరుకు కాలం చెల్లింది అన్న నోటీసు నిండు తెర మీద కనిపించింది. విశాఖలో రాబోయే యంత్రాల గురించి ఊరంతా మాట్లాడుకుంటున్న రోజున, కర్నూలులో నా బల్ల మీద ఉన్న యంత్రం గురించి అడగడానికి ఒక్క మనిషి కూడా దొరకలేదు. వార్తలన్నీ వచ్చే యంత్రాల గురించే ఉంటాయి. ఉన్న యంత్రాలను ఏం చేయాలన్నది కూడా వార్తే కావాలి.

మొదట ఒక పేరున్న సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లాను. ఏసీ గది, టోకెన్ నంబరు, మంచినీళ్లు, అన్నీ ఉన్నాయి. యంత్రాన్ని తెరవకుండానే, మోడల్ నంబరు చూసి, "దీనికి ఇక ఏమీ చేయలేం సార్, ఎక్స్ఛేంజ్‌లో 1,500 ఇస్తాం" అన్నారు. రెండో చోట కూడా అదే మాట, ధర మాత్రం రెండు వందలు ఎక్కువ. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్లో, "నాన్నా, ఎనిమిదేండ్లు వాడినావు కదా, ఇంక పారేసి కొత్తది తీసుకో, డబ్బులు నేను పంపిస్తా" అన్నాడు. వాడి ప్రేమకు నేను కాదనను. కానీ పారేయడానికి దానికి ఏ రోగమూ లేదు, నెమ్మదించింది, అంతే. చివరికి మా కళాశాల ల్యాబ్ అటెండరు ఈ పాతబస్తీ దుకాణం గురించి చెప్పాడు.

కొండారెడ్డి బురుజు దగ్గర బండి నిలిపి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక ఇరుకు సందులో, కుట్టు మిషన్ల దుకాణానికీ టీ కొట్టుకూ మధ్య ఉంది. పది అడుగుల వెడల్పు కూడా ఉండదు. లోపల గోడకు మూడు వరసల అరలు, ప్రతి అరలో మూత తీసిన ల్యాప్‌టాప్‌లు, వాటి మీద యజమాని పేరు, ఊరు రాసిన తెల్ల టేపు ముక్కలు: ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నందికొట్కూరు. దుకాణాన్ని నడిపే ఆయనకు నలభై అయిదేళ్లు ఉండవచ్చు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచెత్తినప్పుడు ఆయన మరొకరి దగ్గర పనివాడుగా ఉన్నాడట. నీళ్లు తీసిన తరువాత బురద నిండిన కంప్యూటర్లు వందల సంఖ్యలో వస్తే, బోర్డులను మంచినీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, ఎండబెట్టి, ఒక్కొక్కటే బతికించడం ఆ రెండు నెలల్లో నేర్చుకున్నానని చెప్పాడు. "నీళ్లల్లో మునిగిందాన్నే పారేయలేదు సార్, దీనికేమైంది, బాగానే ఉండాది" అన్న మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది.

గురి కుదరడానికి అసలు కారణం ఆ మాట కాదు, ఆ తరువాత ఆయన అడిగిన ప్రశ్నలు. ఈ యంత్రంతో మీరు రోజూ చేసే పని ఏమిటి, ఏ ప్రింటరు వాడతారు, డిజిటల్ సంతకం పెట్టే డాంగిల్ ఏమైనా ఉందా, టాలీ వంటి లెక్కల ప్రోగ్రాములు ఉన్నాయా, తెలుగు దేనిలో టైపు చేస్తారు, అని వరుసగా అడిగి నోటు పుస్తకంలో రాసుకున్నాడు. రోగిని పడుకోబెట్టి నాడి చూసే వైద్యుడిలా అనిపించాడు. ఆ తరువాత నా ముందు ఉన్న దారులు దాచకుండా చెప్పాడు. 30 డాలర్లు కట్టినా, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్‌కు ఒప్పుకుంటే ఉచితంగానైనా, విండోస్ 10కు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులు తెచ్చుకోవచ్చని, అది చాలనుకుంటే తాను పైసా తీసుకోకుండా చేసిపెడతానని అన్నాడు. పని దొరికే అవకాశం ఉన్నా వద్దనుకునే దారి ముందు చెప్పిన దుకాణదారుడిని నేను చాలా కాలం తరువాత చూశాను. నిబంధనలను దొడ్డిదారిన దాటించి విండోస్ 11 ఎక్కించడం కూడా సాధ్యమే, కానీ రేపు ఏ అప్‌డేట్‌తో ఏం జరుగుతుందో హామీ ఇవ్వలేనని, కాబట్టి తాను ఆ పని చేయనని స్పష్టంగా చెప్పాడు. మూడోది లైనక్స్, అంటే విండోస్ బదులు ఎక్కించుకునే ఉచిత వ్యవస్థ. నేను దాన్నే ఎంచుకున్నాను, ఎందుకంటే ఏడాది తరువాత మళ్లీ ఇదే సందులో ఇదే ప్రశ్నతో నిలబడడం నాకు ఇష్టం లేదు.

లైనక్స్ అనే పేరు వినగానే అది ఇంజినీర్ల వ్యవహారమని మనవాళ్లు భయపడతారు. 1991లో ఫిన్లండ్‌లో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఈనాడు మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటి లోపల ఉన్నది. పొద్దున లేస్తే చేతిలో పట్టుకునేదానికి భయపడడంలో అర్థం లేదు. పక్కనున్న కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్లుగా లైనక్స్ మీదనే కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నారు. వాళ్లు నేర్చుకోగలిగినది కర్నూలు అధ్యాపకుడు నేర్చుకోలేడా? మా దుకాణదారుడు లైనక్స్ రకాల్లో ఒకటైన మింట్ 22 ఎక్కించాడు. దీనికి 2029 వరకు భద్రతా మరమ్మతులు వస్తాయి. ప్రోగ్రాముల పట్టిక కింద ఎడమ మూలలోనే ఉంటుంది, కిటికీలు మూసే గుర్తు కుడి మూలలోనే ఉంటుంది. విండోస్ 7 కాలంలో కంప్యూటరు నేర్చుకున్న నా లాంటివాళ్లకు ఇది విండోస్ 11 కన్నా ఎక్కువ పరిచయమైన ఇల్లులా కనిపిస్తుంది.

వేగం గురించి ఎక్కువ రాయనక్కరలేదు. పాత తిరిగే హార్డ్‌డిస్క్ తీసి తిరిగే భాగాలు లేని 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయడంతో, స్విచ్ నొక్కి టీ పెట్టుకుని వచ్చేదాకా తెరుచుకోని యంత్రం ఇప్పుడు అర నిమిషం లోపు సిద్ధమవుతోంది. ఆ ఘనత ప్రధానంగా ఎస్ఎస్‌డీది. విండోస్‌లో ఉన్నా వేగం పెరిగేదే. ఆ సంగతి కూడా ఆయనే నాకు చెప్పాడు.

ఖర్చు వివరం ఇది: ఎస్ఎస్‌డీ 2,400, పాత డిస్క్‌ను బయట పెట్టి వాడుకునే డబ్బా 350, అదనంగా 4 జీబీ మెమరీ 900, ఫ్యాన్ శుభ్రం చేసి ప్రాసెసర్‌కు వేడి లాగే పేస్టు మార్చి అన్నీ ఎక్కించినందుకు 650. మెమరీ కొత్తది కాదు, పాడైన మరో ల్యాప్‌టాప్ నుంచి తీసి పరీక్షించి వేశాడు. కొత్తది వేయమని నేను అడిగితే, రేటు వారం వారం మారుతోందని, ఇప్పుడు కొనడం దండగని వారించాడు. ఇది వ్యాపారి చెప్పే సాకు అని అనుకోవద్దు. ప్రపంచంలో మెమరీ తయారుచేసే పెద్ద సంస్థలు ప్రధానంగా మూడు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్లు వాటి సరుకును పెద్ద మొత్తంలో ఎత్తుకుపోతున్నాయి. మైక్రాన్ అయితే సామాన్యులు కొనుక్కునే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. చెరువులో నీళ్లు పైనున్న పెద్ద తోటలకు మళ్లితే కింది మడి ఎండినట్టు, ఎక్కడో మాట్లాడే యంత్రాలకు మేత పెట్టడం కోసం డోన్ నుంచి వచ్చిన డిగ్రీ పిల్లవాడి ల్యాప్‌టాప్‌కు మెమరీ కరువవుతోంది. కృత్రిమ మేధ మీద నాకు ద్వేషం లేదు, దాని సాయం నేనూ తీసుకుంటాను. అయితే ఈ ధర ఎవరు చెల్లిస్తున్నారో పాతబస్తీ దుకాణంలో గంటసేపు కూర్చుంటే తెలుస్తుంది.

ఇప్పుడు అసలైన విషయానికి, తెలుగుకు వస్తాను. నేను తెలుగు అధ్యాపకుడిని. ఈ యంత్రంలో నాకు కావలసినది మొదటగా, చివరగా తెలుగే. ఏళ్ల తరబడి తయారుచేసిన ప్రశ్నపత్రాలు, వ్యాసాలు, కళాశాల వార్షిక సంచికల ప్రతులు అందులో ఉన్నాయి. వాటిలో సగానికి పైగా అను అనే పాత తెలుగు ఫాంట్లలో, పుటలు కూర్చే ప్రోగ్రాము అయిన పేజ్‌మేకర్‌లో చేసినవి. కంప్యూటరు మీద అచ్చుపని (డీటీపీ) సంగతి తెలిసినవాళ్లకు ఇక్కడే గుండె ఝల్లుమంటుంది. అను పద్ధతిలో టైపు చేసిన ఫైలులో నిజానికి తెలుగు అక్షరం ఉండదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు తలకట్లు, కొమ్ములు, ఒత్తులు, గుడులు ముక్కలు ముక్కలుగా పేర్చి ఉంటాయి. ఫాంటు ఉన్నంతసేపు తెలుగులా కనిపిస్తుంది, ఫాంటు లేకపోతే పిచ్చి గీతలుగా మిగులుతుంది. ప్రపంచ భాషల అక్షరాలకు ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకు సొంత స్థానాలు 128 కేటాయించి ఉన్నా, ముద్రణాలయాలు అను దగ్గరే ఆగిపోయాయి. వాటి తప్పు కూడా పూర్తిగా లేదు. యూనికోడ్‌లో అందమైన తెలుగు ఫాంట్లు రావడానికి చాలా ఏళ్లు పట్టింది, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, పని మాత్రం రాత్రికి రాత్రి పూర్తి కావాలి.

దుకాణదారుడు ఈ విషయంలో నాతో నిజాయితీగా మాట్లాడాడు. అను, పేజ్‌మేకర్ లైనక్స్‌లో నమ్మకంగా నడవవని, నడుస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దని ముందే అన్నాడు. ప్రెస్సుకు ఇవ్వవలసిన పని ఇంకా ఉంటే ఒక పాత డెస్క్‌టాప్‌ను ఇంటర్నెట్ తీగ పీకేసి అందుకోసమే పక్కన పెట్టుకోమని సలహా ఇచ్చాడు. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను. పాత ఫైళ్లను అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత పరికరాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి కాబట్టి, ఒక వార్షిక సంచికను ఆయన దుకాణంలోనే కూర్చుని మార్చి చూశాను. తొంభై పుటల్లో ఎక్కువ భాగం చక్కగా వచ్చింది. అయితే క్రావడి ముందుకు జరిగి 'ప్రభ' చెడిపోవడం, వట్రుసుడి ఎగిరిపోయి 'కృషి' కాస్తా 'కషి' కావడం, రెండు ఒత్తులు ఉన్న 'రాష్ట్రం' వంటి మాటలు విరిగిపోవడం ప్రతి పుటలోనూ కనిపించింది. దిద్దుకోవడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. ఆ మూడు రాత్రుల శ్రమ గురించి నాకు విచారం లేదు. ఒక్కసారి యూనికోడ్‌లోకి వచ్చిన వ్యాసం ఫోన్లో చదవవచ్చు, వెతికితే దొరుకుతుంది, ఇంకో పాతికేళ్ల తరువాత ఏ యంత్రంలో తెరిచినా తెలుగుగానే ఉంటుంది. మా కళాశాలలో 2003లో మొల్ల రామాయణం మీద ఒక విద్యార్థిని రాసిన చక్కటి వ్యాసం ఇన్నాళ్లూ ఆ పిచ్చి గీతల్లో బందీగా ఉంది. ఇప్పుడు 'మొల్ల' అని వెతికితే ఒక్క క్షణంలో తెర మీదకు వస్తున్నది. ఈ 4,300 రూపాయలకు నాకు దక్కిన వాటిలో అన్నింటికన్నా విలువైనది ఇదే.

కొత్తగా టైపు చేయడం ఎలా ఉన్నదంటే, మింట్‌లో తెలుగు కీబోర్డును భాషా సెట్టింగులలో ఒకసారి చేర్చుకుంటే చాలు, ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ వరస సిద్ధంగా ఉంటుంది. ఎడమ చేతికి గుణింతాలు, కుడి చేతికి హల్లులు ఉండే ఈ పద్ధతికి అలవాటు పడడానికి నాకు పది రోజులు పట్టింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లు బ్రౌజరులో లేఖిని అనే వెబ్‌సైటు వాడుకోవచ్చు. వర్డ్ బదులు వాడుకునే ఉచిత ప్రోగ్రాము లిబ్రె ఆఫీస్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఉచిత ఫాంట్లు ఒత్తులతో సహా కుదురుగా కనిపిస్తున్నాయి. ప్రశ్నపత్రానికి మండలి సన్నగా, స్పష్టంగా బాగుంటుంది. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. వర్డ్‌లో చేసిన ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ, పట్టికలు, పుటల అంచులు కొన్నిచోట్ల జరుగుతాయి. మరొకరికి పంపవలసినదాన్ని పీడీఎఫ్ చేసి పంపడం మంచిది.

లోపాలు కూడా ఉన్నాయి, వాటిని దాచను. నాలుగు రోజులని చెప్పి ఆరు రోజులు తీసుకున్నాడు, ఆ రెండు రోజులూ నేను ఫోన్ చేస్తే తప్ప తానుగా చెప్పలేదు. అడిగేదాకా బిల్లు రాయలేదు. అడిగిన తరువాత తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఎస్ఎస్‌డీకి తయారీదారుడి వారంటీ ఉన్నది, ఆ రశీదు ఇచ్చాడు. పాత మెమరీకి మాత్రం మూడు నెలల నోటి మాటే. ఇంత మంచి పనివాడు ముద్రించిన రశీదు పుస్తకం ఒకటి పెట్టుకుంటే గిరాకీకి ధైర్యంగా ఉంటుందని ఆయనకే చెప్పాను, తలూపాడు. నా ప్రింటరు మొదటి రోజే పనిచేసింది, కానీ దాని స్కానరును కదిలించడానికి ఆయన మా ఇంటికి వచ్చి అరగంట తంటాలు పడవలసి వచ్చింది. ఇంటికి వచ్చినందుకు డబ్బు తీసుకోలేదు. దుకాణంలో కూర్చోవడానికి ఒక స్టూలు మాత్రమే ఉంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెట్టు ఎక్కడం కష్టం. డిజిటల్ సంతకంతో పని ఉన్న గుత్తేదారులు, ఆడిటర్లు, టాలీ మీద ఆధారపడిన వ్యాపారులు లైనక్స్ జోలికి పోకుండా ముందు ఆయనతో మాట్లాడుకోవాలి. అలాంటి ఇద్దరిని ఆయన నా కళ్ల ముందే "మీకు ఇది కుదరదు" అని తిప్పి పంపాడు.

ఒక విషయంలో ఆయనను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. యంత్రం ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ చెప్పబోతే ఆపి, ఫైళ్లు తీసేటప్పుడు నన్నే వచ్చి కొట్టమన్నాడు. పాత డిస్క్‌ను తన దగ్గర ఉంచుకోకుండా అదే రోజు డబ్బాలో పెట్టి నా చేతికి ఇచ్చాడు. కొత్త విండోస్ యంత్రాల్లో కొన్నింటిలో రీకాల్ అనే సదుపాయం తెర మీద మనం చూసేవాటిని కొద్ది క్షణాలకొకసారి చిత్రాలుగా దాచిపెట్టుకుంటుందని 2024 మేలో ప్రకటించి, భద్రతా నిపుణుల అభ్యంతరాల వల్ల వెనక్కి తగ్గి, మనం ఒప్పుకుంటేనే పనిచేసేలా మార్చి, 2025 ఏప్రిల్‌లో విడుదల చేశారు. అంత పెద్ద సంస్థకు ఎవరో అభ్యంతరం చెబితే గానీ తట్టని మర్యాద, పాతబస్తీ సందులో స్క్రూడ్రైవరు పట్టుకున్న మనిషికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. నా ప్రశ్నపత్రాలు పరీక్షకు ముందు ఎవరి కంటా పడకూడదు. అందువల్ల ఈ మర్యాద నాకు వేగం కన్నా ముఖ్యం.

వెళ్లదలచినవాళ్లకు కొన్ని సంగతులు. దుకాణం ఉదయం పదకొండుకు తెరుస్తారు, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల సేపు మూసి ఉంటుంది. సందులోకి కారు పోదు. చార్జరు తప్పక తీసుకువెళ్లండి, మీ ఫైళ్ల నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో ముందే తీసి పెట్టుకోండి, ఏ ప్రోగ్రాములు లేకపోతే మీ పని ఆగిపోతుందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్‌ను నడిపి చూపించమని అడగండి. డిస్క్‌లో ఏమీ చెరపకుండా అరగంట వాడి చూడవచ్చు, నచ్చకపోతే ఆయన ఏమీ అనుకోడు. రెండు మూడేళ్ల క్రితం కొన్న యంత్రమైతే విండోస్ 11కు ఉచితంగానే మారుతుంది, ఇంత దూరం రావలసిన పని లేదు.

మా కళాశాల ల్యాబులో 2016 నాటి డెస్క్‌టాప్‌లు పన్నెండు, గుడ్డ కప్పి ఒక మూలకు చేర్చి ఉన్నాయి. వాటిని వేలం వేయాలని కాగితాలు కదులుతుంటే, ప్రిన్సిపాల్ గారిని ఒప్పించి ఆపించాను. పోయిన ఆదివారం దుకాణదారుడు వచ్చి ఒక్కొక్కటి తెరిచి చూశాడు. తొమ్మిది బాగున్నాయన్నాడు, రెండింటికి విద్యుత్ సరఫరా డబ్బాలు మార్చాలన్నాడు, ఒకదాని బోర్డు మాత్రం పోయిందని, దాని మెమరీని మిగతావాటికి పంచుతానన్నాడు. వచ్చే నెల మొదటి వారంలో పని మొదలవుతుంది. రెండో సంవత్సరం పిల్లలు అప్పుడే ఇన్‌స్క్రిప్ట్ వరసను కాగితం మీద గీసి ల్యాబ్ గోడకు అంటించారు.